సికింద్రాబాదు నుంచి ఒక కుక్క

సికింద్రాబాదు వెళ్ళివచ్చానని తెలిసిన దగ్గర్నుంచి మా ఊళ్ళో కనబడిన ప్రతివారూ చార్మినారు ఎలా ఉందని అడుగుతున్నారు. నాకు తెలియదు. చార్మినారు హైదరాబాదులో ఉంది. సికింద్రాబాదు నుంచి ఆరు మైళ్ళంటారు. నేను ఆ ఆరు మైళ్ళూ వెళ్ళలేదు. ఉన్న నాలుగు రోజులూ కుక్కలను చూశాను. కొన్ని కుక్కలు నన్ను చూశాయి.

ప్రయాణానికి కారణం మా అక్క. అక్క మా ఊరి మిషను బడిలో హెడ్మిస్ట్రెస్. బడి వెనక ఆడపిల్లల హాస్టలు ఉంది. అందరూ పల్లెల నుంచి వచ్చినవాళ్ళే. హాస్టలు లేకపోతే వాళ్ళకు చదువు లేదు. కిందటి వానాకాలం నుంచి గోడ దూకి దొంగ రావడం మొదలుపెట్టాడు. మొదటిసారి ఇత్తడి బిందె పోయింది. రెండోసారి బియ్యం బస్తా. మూడోసారి కిటికీలోంచి చెయ్యి పెట్టి ఒక పిల్ల మెడలో గొలుసు లాగాడు. ఆ వారంలోనే ముగ్గురు తండ్రులు వచ్చి తమ పిల్లల్ని తీసుకుపోయారు. పద్దెనిమిది మంది మిగిలారు. వాచ్‌మన్ ఉన్నాడు గాని, దొంగతనం జరిగిందని మూడుసార్లూ అతన్ని లేపి చెప్పవలసివచ్చింది. కమిటీవారు సమావేశమై, వేసవి సెలవుల్లోగా భద్రత కుదరకపోతే హాస్టలు మూసెయ్యాలని తీర్మానించారు. తీర్మానాలు చెయ్యడంలో మా కమిటీకి మంచి పేరుంది.

"జాతి కుక్కపిల్లను తే తమ్ముడూ, అల్సేషన్" అంది అక్క. "కంటోన్మెంటులో దొరలు పెంచేవారట. వాళ్ళు పోయాక చవగ్గా దొరుకుతున్నాయట."

నేను ఇంగ్లీషు మాస్టర్ని. దొరల కుక్కతో మాట్లాడగలనని అక్క నమ్మకం కాబోలు. కుక్కల గురించి నాకున్న పరిజ్ఞానం ఒక్కటే: కరిచేది ముందు వైపు.

సరిహద్దు

పోలీసు చర్య జరిగి అప్పటికి ఆరు నెలలు కాలేదు. బెజవాడ ప్లాట్‌ఫారం మీద నన్ను సాగనంపిన ముగ్గురూ మూడు రకాల జాగ్రత్తలు చెప్పారు. మూడూ పాటించడం కుదరదు కాబట్టి ఏదీ పాటించలేదు. రైల్లో ఎదురు బల్ల మీద వరంగల్లు పెద్దాయన ఒకాయన జొన్నరొట్టె, ఉల్లిగడ్డ తింటూ, అడక్కుండానే నాకొక ముక్క తుంచి ఇచ్చాడు. మావైపు అయితే ముందు ఇంటిపేరు కనుక్కుని తర్వాత పెడతారు.

"ఏడికి వోతున్నవ్ సారూ?"

"సికింద్రాబాదండీ. కుక్క కోసం."

ఆయన కొంచెంసేపు నమిలాడు. "మీ దిక్కు కుక్కలు లెవ్వా?"

"ఉన్నాయండీ. మొరగవు."

"అయితే మంచియే గద. పండనిస్తయి."

మా వాచ్‌మన్ అభిప్రాయం కూడా ఇదే.

సరిహద్దు స్టేషనులో సుంకం గుమాస్తా పెట్టె తెరిపించాడు. సికింద్రాబాదులోని మా బావ కోసం తెచ్చిన గోంగూర పచ్చడి జాడీ మూత తీసి, వాసన చూసి, అమ్మడానికా అని అడిగాడు. బావకన్నాను. వేలితో కొంచెం రుచి చూసి, నాలుక రెండుసార్లు చప్పరించి, మా బావ అదృష్టవంతుడన్నట్టు మూత పెట్టాడు. అక్కడే డబ్బు మార్చుకోవాలి. మన రూపాయలు ఆరు ఇస్తే వాళ్ళ హాలీ రూపాయలు ఏడిస్తారు. కూర్చున్నచోట కూర్చునే రూపాయి లాభం వచ్చింది. దిగాక చూస్తే ధరలు కూడా ఆ సంగతి ముందే తెలుసుకుని ఉన్నాయి.

రెజిమెంటల్ బజారు, మోండా

శుక్రవారం పొద్దున్నే దిగాను. మా బావ దేవదానం, అంటే మా పెదనాన్నగారి అల్లుడు, రైల్వే ఆఫీసులో గుమాస్తా. రెజిమెంటల్ బజారులో కాపురం. గుంటూరు నుంచి వచ్చి పదిహేనేళ్ళయింది. గుంటూరు కోపం అలాగే ఉంది, మాట మాత్రం మారింది.

"ఏంది బామ్మర్దీ, కుక్క కోసం రెండొందల మైళ్ళొచ్చినవా? మేం పిల్లనిస్తమంటే రెండడుగులు రాలే."

నన్ను సరాసరి ఇరానీ హోటలుకు తీసుకెళ్ళాడు. ఖీమా, కిచిడీ, పుల్లటి చట్నీ. పొద్దున పూట మాంసం తినడం మా ఇంట్లో క్రిస్మసు నాడు కూడా లేదు. ఇక్కడ మామూలు శుక్రవారం. టీ చిక్కగా, తియ్యగా, కప్పులోకంటే సాసరులో ఎక్కువగా ఉంటుంది. పక్క బల్ల దగ్గర ఇద్దరు ఒకే కప్పు పంచుకుంటూ గంట కూర్చున్నారు. ఎవరూ లెమ్మనలేదు.

అక్కణ్ణుంచి మోండా మార్కెట్టు. కూరగాయల వరస దాటాక, కోళ్ళ బుట్టల పక్కన యాదగిరి అనే ఆయన గంపలో కుక్కపిల్లలను పెట్టుకుని కూర్చున్నాడు. మేం అడగడమే ఆలస్యం, ఒకదాన్ని మెడ పట్టి ఎత్తాడు.

"అసలు విలాయతీ, సార్. చెవులు చూడుండ్రి, ఎట్ల నిలబడ్డయో."

నిలబడ్డ మాట నిజమే. నేను ముట్టుకోగానే ఒక చెవి పడిపోయింది. వేలికి జిగురు అంటుకుంది.

"ఎండకు జెర మెత్తబడ్డది" అన్నాడు యాదగిరి, ఏమాత్రం తొణక్కుండా. "కాగితం సుత ఉన్నది సార్. తల్లి, తండ్రి, తాత, అందరి పేర్లు."

నాలుగు మడతల కాగితం ఇచ్చాడు. చదివాను. ఒక మేజరుగారికి దవడ పళ్ళు రెండు పీకినట్టు మిలిటరీ దంతవైద్యుడు ఇచ్చిన రశీదు అది.

"ఇది ఎవరూ చదవలేదా ఇంతవరకూ?"

"అందరు చదివిన్రు సార్. మస్తుగున్నదన్నరు."

సంగతి చెప్పాను. యాదగిరి ముందు కాగితం వైపు, తర్వాత పిల్ల వైపు చూశాడు. కాగితం మీదే జాలి పడ్డట్టున్నాడు, భద్రంగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. మనిషి మంచివాడే. వెళ్ళబోతుంటే పిలిచి చెప్పాడు:

"అసలు మాల్ గావాలంటే తిరుమలగిరిల ఎస్తేరమ్మ తాన్కి వోండ్రి. కాని ఆమె అమ్మది."

"అమ్మకపోతే వెళ్ళడం దేనికి?"

"అదే గద సార్ తక్లీఫ్."

తిరుమలగిరి

శనివారం బావ సెలవు పెట్టి వెంట వచ్చాడు. టాంగాలో దారి పొడుగునా ఉపదేశం. "హాస్టల్ అని చెప్పకు. ఇయ్యదు. మీ ఇల్లే అని చెప్పు. జెర పెద్దగ చెప్పు."

ఇందులో నాకు తప్పేమీ కనబడలేదు. మావైపు సంబంధం మాట్లాడేటప్పుడు రెండెకరాలను ఐదెకరాలనడం అబద్ధం కిందికి రాదు, మర్యాద కిందికి వస్తుంది. అవతలివాళ్ళు దాన్ని మళ్ళీ రెండుకు తగ్గించుకునే వింటారు. అందరికీ తెలిసిన లెక్క.

ఎస్తేరమ్మగారిది పెంకుటిల్లు. మనిషికి అరవై ఉంటాయి. తెల్లచీర, మగవాళ్ళ చేతిగడియారం. మమ్మల్ని గేటు దగ్గరే ఆపారు.

"మోండాకు వోయొచ్చిన్రా?"

"నిన్న వెళ్ళామండీ."

"చెప్పులు బైటనే ఇడువుండ్రి. చేతులు కడుగుండ్రి. మోండా రోగం నా పిల్లలకొద్దు."

కార్బాలిక్ సబ్బు, బకెట్టు నీళ్ళు సిద్ధంగా ఉన్నాయి. కడిగాక కూడా చేతులు వెనక పెట్టుకోమన్నారు. మొదటి రోజు ముట్టుకోవడం లేదట. రెండో రోజు మాట్లాడటం, మూడో రోజు జవాబు. ఇది ఆమె పద్ధతి. మేం దూరం నుంచి వచ్చామని మొదటి రెండు రోజులూ కలిపేశారు.

పిల్లలను చూపించమంటే తల్లిని చూపించారు. "తల్లిని చూడుండ్రి ముందు. తల్లి కొత్తోళ్ళను చూసి వణికేదైతే పిల్ల అందం ఏం జేసుకుంటరు?" తల్లి వణకలేదు. వణికే పని మా బావ తీసుకున్నాడు. తర్వాత ఆరు పిల్లలను వదిలారు. ఏడు వారాలవి. ఎనిమిది నిండనిదే తల్లి దగ్గర్నుంచి తియ్యరట. అవి ఆడుకుంటుండగా వెనక నుంచి ఇత్తడి పళ్ళెం నేల మీద పడేశారు. అన్నీ పారిపోయాయి. ఒకటి మాత్రం సగం దూరం పోయి, ఆగి, వెనక్కి వచ్చి, పళ్ళెం వాసన చూసింది.

"ఎవ్వరైనా ఉరుకుతరు" అన్నారు ఎస్తేరమ్మగారు. "వాపస్ వచ్చి చూసేదే మంచిది."

అదే కావాలన్నాను. ఆమె మమ్మల్ని బల్ల మీద కూర్చోబెట్టి ప్రశ్నలు మొదలుపెట్టారు. సొంత ఇల్లేనా? అవును, పెద్ద కాంపౌండు. పిల్లలెందరు? ఇద్దరు. పాలకు? ఆవు ఉంది. అన్నీ తలాడించి విని, "వెనకకు వోయి వాటి తిండి చూసి రాండ్రి మాస్టర్ సాబ్" అన్నారు. పెరట్లో పొయ్యి మీద జొన్నగట్క ఉడుకుతోంది, అందులో ఎముకల రసం. నాలుగు నిముషాలు చూసి వచ్చాను. బావ ముఖం బాగాలేదు.

"మీకు పిల్లలెందరన్నరు?"

"ఇద్దరండీ."

"మీ బావ నలుగురన్నడు."

"ఇద్దరు పెద్దోళ్ళు, ఇద్దరు చిన్నోళ్ళు" అన్నాడు బావ, నా సాయానికి వచ్చి.

"ఆవు బర్రె అయ్యింది. సొంతిల్లు మిద్దె అయ్యింది" అన్నారామె. నాలుగు నిముషాల్లో నా సంసారం అంత అభివృద్ధి చెందింది. నాకసలు పెళ్ళి కాలేదు.

"ముప్పై ఏండ్లు మిలిటరీ ఆసుపత్రిల నర్సును. తాగలేదనే సోల్జర్ను, వాని దోస్తును వేరేవేరే కూసోబెట్టి అడిగితే సీసా ఏడ దాచిన్రో సుత చెప్పేటోళ్ళు. పిల్లను ఇయ్య. చాయ్ తాగి పోండ్రి."

చాయ్‌తో పాటు గులాబీ పువ్వులు కూడా పెట్టారు. పిండివంట బాగుంది. సిగ్గుతో తిన్నా ఆరు తిన్నాను.

ఆదివారం

బావ వాళ్ళతో గుడికి వెళ్ళాను. ఎస్తేరమ్మగారు ముందు వరసలో ఉన్నారు. ఒకసారి వెనక్కి తిరిగి చూశారు. ఆ రోజు ప్రసంగం దేని మీదో నాకు గుర్తులేదు. మోండాకు వెళ్ళి జిగురు చెవుల పిల్లనే కొనుక్కుపోదామా అని కూడా అనుకున్నాను. కాని అక్కకు ఏం చెప్పను? పద్దెనిమిది మంది పెట్టెలు సర్దుకోవడం కళ్ళకు కట్టింది.

ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర ఆమె ఎదుట నిలబడ్డాను. గోడ, కిటికీ, గొలుసు, కమిటీ, వేసవి సెలవులు, నాకు పెళ్ళి కాకపోవడం, అన్నీ వరసగా చెప్పేశాను. మధ్యలో ఆపలేదు.

"పిల్లకిప్పుడు ఏడు వారాలు బిడ్డా" అన్నారు. నిన్న మాస్టర్ సాబ్‌ను, ఇవాళ బిడ్డనయ్యాను. "అది కావలి కాయాల్నంటే ఏడాదిన్నర. వేసవికి ఏముంటది? చెప్పులు కొరుక్కుంట తిరుగుతది. పద్దెనిమిది మంది చంకలెత్తుకుంటే దొంగకు సుత తోక ఊపుతది. పైసలు తీసుకునేటోడు ఎవ్వడు గీ మాట చెప్పడు."

"మరి నిన్నే చెప్పకపోయారా?"

"నిన్న నీకు ఇద్దరు పిల్లలుండ్రి గద."

కాసేపు గొడుగు కొనతో నేల మీద గీస్తూ ఆలోచించారు. "రేపు నాలుగింటికి రా. మీ బావను తేకు."

నూరీ

సోమవారం వెళ్ళేసరికి ఆమె బీరువా తెరిచి ఉంది. తలుపు లోపలివైపు సుద్దతో పేర్లు. ఆమె చేతి మీదుగా వెళ్ళిన ప్రతి కుక్క పేరూ, ఎవరింటికి వెళ్ళిందీ అక్కడ ఉంది. ఎవరైనా పెంచలేకపోతే వీధిలో వదలకూడదు, ఇంకొకరికి అమ్మకూడదు, ఈ గేటుకే తిరిగి తేవాలి. ఆ మాట మీదే ఇస్తారు. కొన్ని పేర్లకు ఎదురుగా 'వాపస్' అని రాసుంది. ఈ ఆరు నెలల్లో వాపసులు ఎక్కువయ్యాయట. దొరలు పోయారు, ఫౌజు పోయింది, జీతాలు పోయాయి. కుక్కలు ఎక్కడికీ పోలేదు.

అలా తిరిగొచ్చినవాటిలో ఒకటి నూరీ. నాలుగేళ్ళ ఆడ అల్సేషన్. నల్లని వీపు, ఎర్రమట్టి రంగు కాళ్ళు. నన్ను ఒకసారి పైనుంచి కిందికి చూసి, పనికిరాడని తేల్చుకుని, గేటు వైపు తిరిగి కూర్చుంది.

"కెప్టెన్ సాబ్ కోసం చూస్తున్నది" అన్నారు ఎస్తేరమ్మగారు. "వాపస్ తీసుకున్న గాని, ఆయన ఊ అనంది ఎవ్వరికియ్య."

కెప్టెన్‌గారు సైకిలు మీద వచ్చారు. నలభై ఏళ్ళుంటాయి. ఇస్త్రీ చొక్కా, మెరిసే బూట్లు. నిన్నమొన్నటి దాకా రాజ్యం ఫౌజులో పనిచేశారు. ఇప్పుడు ఆ ఫౌజు లేదు, క్వార్టర్సు లేదు. భార్యతో, కూతురితో అన్నగారి రెండు గదుల్లో ఉంటున్నారు. వారానికొకసారి పన్నెండు మైళ్ళు తొక్కుకుంటూ కుక్కను చూడటానికి వస్తారు. ఆయన దిగకముందే నూరీ లేచింది. మొరగలేదు. వెళ్ళి ఆయన మోకాలికి తల ఆనించి నిలబడింది.

మేం ఇంగ్లీషులో మాట్లాడుకున్నాం.

"మీ ఊరికి సైకిలు మీద రావచ్చా?"

"రెండు వందల మైళ్ళకు పైనే ఉంటుందండీ."

"అయితే తరచుగా రాలేను."

ఆయన నూరీ చెవి వెనక గోకుతూ అడిగారు: "ఆ పిల్లల వయసెంత?"

"ఎనిమిది నుంచి పదిహేను దాకా."

"మా అమ్మాయికి పదకొండు. నూరీ రోజూ బడి దాకా దిగబెట్టి వచ్చేది. సాయంత్రం గంట కొట్టేముందే వెళ్ళి గేటు దగ్గర కూర్చునేది. ఇప్పుడు అమ్మాయిని బడి మాన్పించాం. మీ బడి సాయంత్రం ఎన్నింటికి వదులుతారు?"

"నాలుగున్నరకు."

"చెప్పనక్కర్లేదు. రెండు రోజుల్లో తనే తెలుసుకుంటుంది."

అదే ఆయన ఊ అనడం. జేబులోంచి కాగితం తీసి, దానికి తెలిసిన అయిదు ఉర్దూ ఆజ్ఞలూ ఇంగ్లీషు అక్షరాలతో రాసిచ్చారు. నెలకొక కార్డు రాయమన్నారు. తర్వాత నూరీని కూర్చోమని చెప్పి సైకిలెక్కారు. అది కూర్చునే ఉంది. మలుపు తిరిగేదాకా ఆయన వెనక్కి చూడలేదు. నేను చూశాను, ఎవరో ఒకరు చూడాలి కదా అని.

ధర అడిగితే ఎస్తేరమ్మగారు కసిరారు. "ఒక్కసారి అమ్మిన. మల్ల అమ్మనీకి ఇదేమన్న కుర్చీనా? ఆ పైసలతోని ఎముకలు కొనుండ్రి."

తిరుగు ప్రయాణం

కుక్కలకు గార్డు పెట్టెలో చెక్క గది ఉంటుంది. నూరీ ఒక మాట మీద అందులోకి వెళ్ళింది. నేను మూడో తరగతిలోకి వెళ్ళడానికి నాలుగు మాటలు పడ్డాను. స్టేషను వచ్చినప్పుడల్లా దిగి వెళ్ళి నీళ్ళు పెట్టాను. వరంగల్లు దాకా తాగలేదు. ఖమ్మంలో తాగింది. ఆ తర్వాత నా టీకి కూడా రుచి వచ్చింది.

సరిహద్దులో మళ్ళీ అదే గుమాస్తా. పుస్తకం తిరగేశాడు. గుర్రాలకు సుంకం ఉంది, పశువులకు ఉంది, ఒంటెలకు కూడా ఉంది, కుక్కలకు లేదు. ఇలాంటివాటికి ఏం చెయ్యాలో రాసి లేదు. "అమ్మనీకా?" అని అడిగి వంగి లోపలికి చూశాడు. నూరీ కూడా ఆయన్ను చూసింది. 'సొంత వాడకం' అని రాసి తొందరగా వెళ్ళిపోయాడు.

ఇల్లు

అక్క వరండాలో నిలబడి చాలాసేపు చూసింది.

"కుక్కపిల్ల అన్నాను కదరా."

"దారిలో పెరిగింది."

పద్దెనిమిది మందీ మొదటి రోజు తలుపు సందుల్లోంచి చూశారు. రెండో రోజు కిటికీల్లోంచి. మూడో రోజు సాయంత్రం బడి వదిలేసరికి నూరీ గేటు దగ్గర కూర్చుని ఉంది. దాని పక్కన తొమ్మిదేళ్ళ పిల్ల ఒకతె కూర్చుని, కాగితం చూసి అయిదు ఆజ్ఞలూ అప్పజెబుతోంది. వారం తిరిగేసరికి హాస్టల్లో అందరూ ఒకరికొకరు ఉర్దూలో కూర్చోమని చెప్పుకోవడం మొదలుపెట్టారు. వాచ్‌మన్ మేలుకుని ఉంటున్నాడు. అతనికి వేరే దారి లేదు.

నెల తర్వాత భద్రత పరిశీలించడానికి కమిటీ సెక్రటరీగారు సభ్యులతో వచ్చారు. వస్తున్నట్టు కబురు చెయ్యలేదు. అక్క క్లాసులో ఉంది. నూరీ గేటుకు అడ్డంగా పడుకుని ఉంది. సెక్రటరీగారు గడియ మీద చెయ్యి వేశారు. అది లేచి నిలబడింది, అంతే. ఆయన చెయ్యి తీసేశారు. మళ్ళీ వేశారు, మళ్ళీ తీశారు. అక్క క్లాసు ముగించుకుని వచ్చేదాకా ముప్పావుగంట కమిటీ యావత్తూ ఎండలో రోడ్డు మీద ఉంది. హాస్టలు కొనసాగించాలన్న తీర్మానం అక్కడే, గేటు బయటే, సెక్రటరీగారి గొడుగు కింద రాశారు. జూన్‌లో, తీసుకుపోయిన ముగ్గురు తండ్రుల్లో ఇద్దరు పిల్లల్ని తిరిగి దించి వెళ్ళారు.

ఇదంతా కార్డు మీద పట్టక కెప్టెన్‌గారికి కవరే రాశాను. పది రోజులకు జవాబు వచ్చింది. చిన్నదే.

'మీ సెక్రటరీగారిని నేను ఎరగను. మంచివారే అయి ఉంటారు. అయినా నూరీ ఆపిందంటే, ఒకసారి ఆలోచించండి.'

ఈ ఉత్తరం కమిటీకి చూపించలేదు.